శాంతి సభల్లో ‘విశ్వగురువులు’: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో శాంతి సభలకు కొదవ లేదు. సెప్టెంబర్ 21 ప్రపంచ శాంతి దినం మొదలు అక్టోబర్ 2 గాంధీ జయంతి దాకా ఏ కళ్యాణ మండపం ముందు చూసినా ఒక ఫ్లెక్సీ కనబడుతుంది. సర్వమత సభలకు వక్తలను పిలవడం, పండగల ముందు పోలీసులు పెట్టే శాంతి కమిటీ మీటింగుల్లో కూర్చోవడం, గొడవ పడ్డ వీధుల్లో రెండు వైపుల పెద్దలతో మాట్లాడటం చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పని. ఈమధ్య ఈ సభల్లో వేదిక మధ్య కుర్చీ తమ బిరుదులు తామే రాసుకున్నవాళ్లకు పోతోంది. వాళ్ల గురించి వాలంటీర్లు, కాలేజీ పిల్లలు, చందాలిచ్చే షాపులవాళ్లు నాతో తరచూ అనే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నాను.

అపోహ: “స్వామివారు నోబెల్ శాంతి బహుమతికి నామినేట్ అయ్యారు. ఇంకేం కావాలి?”

వాస్తవం: ఆ బహుమతికి పేరు పంపే అర్హత ఉన్నవాళ్లు ప్రపంచంలో వేలమంది ఉన్నారు. ఏ దేశపు పార్లమెంటు సభ్యుడైనా, మంత్రి అయినా, చరిత్ర, న్యాయం, తత్వం, మతం లాంటి సబ్జెక్టులు చెప్పే యూనివర్సిటీ ప్రొఫెసరైనా జనవరి 31 లోగా ఒక పేరు పంపొచ్చు. అర్హత ఉన్నవాళ్లు గడువులోగా పంపితే ఆ పేరు జాబితాలో చేరుతుంది. 2016లో అలా 376 పేర్లు చేరాయి. 1939లో హిట్లర్ పేరు కూడా వెళ్లింది. పంపిన స్వీడన్ ఎంపీ వ్యంగ్యంగా చేసిన పని అది, తర్వాత ఆయనే వెనక్కి తీసుకున్నాడు. ఎవరు ఎవరి పేరు పంపారో కమిటీ 50 ఏళ్ల పాటు బయటపెట్టదు. అంటే ఈ ఏడాది ఫలానా స్వామి నామినేట్ అయ్యారని ఫ్లెక్సీ మీద చూస్తే, ఆ ముక్క స్వామి మనుషుల నోటి నుంచో, పేరు పంపామని చెప్పుకునేవాళ్ల నోటి నుంచో వచ్చి ఉండాలి. కమిటీ ఉండే ఓస్లోకి రాసి అడిగినా అవునని గానీ కాదని గానీ చెప్పరు. సరిచూసుకునే దారి లేని గొప్పను ఏరికోరి ముందు పెట్టుకున్నారంటే మనం అక్కడే ఆగి ఆలోచించాలి. గాంధీ గారి పేరు 1937, 1938, 1939, 1947, 1948లలో వెళ్లింది, బహుమతి మాత్రం రాలేదు. ఆయనను తలచుకునేటప్పుడు ‘నామినీ’ అని ఎవరూ అనరు.

అపోహ: “ఐక్యరాజ్యసమితి ఆయనను శాంతి రాయబారిగా గుర్తించింది. అక్కడ మాట్లాడి కూడా వచ్చారు.”

వాస్తవం: ఈ మధ్య నా చేతికొచ్చిన ఒక ఆహ్వానపత్రిక చెబుతాను. మందపాటి ఆర్ట్ పేపరు, బంగారు రంగు అంచు. పైన ఒక పక్క ఆలివ్ రెమ్మల మధ్య ప్రపంచ పటం ఉన్న ఐక్యరాజ్యసమితి చిహ్నం, ఇంకో పక్క అశోక చక్రం. ముఖ్య అతిథి పేరుకు ముందు బిరుదులే రెండు వరుసలు. కింద సంస్థ చిరునామా లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఒక సెల్ నంబరు, ఒక జీమెయిల్ ఐడీ ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో, ‘శాంతి రాయబారి’ అవార్డు తీసుకునేవారు ప్రాసెసింగ్ ఫీజు ముందుగా కట్టాలని ఉంది. ఆ అవార్డు కోసం మా ఊళ్లో ఒక రిటైర్డ్ టీచర్ పెన్షన్ డబ్బు కట్టారు. నిజంగానే ఐక్యరాజ్యసమితి ఇస్తోందని ఆయన నమ్మారు. మంచి మనిషి, ఎంతోమంది పేద పిల్లల్ని చదివించారు. ఆయన గౌరవాన్ని ఆయనకే డబ్బుకు అమ్మారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఐక్యరాజ్యసమితి శాంతి దూతలను నియమించేది సెక్రటరీ జనరల్. ఆ పేర్లు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, ఫీజు అనే మాటే రాదు. స్వచ్ఛంద సంస్థలకు ఆర్థిక సామాజిక మండలి ఇచ్చే సంప్రదింపుల హోదా వేరు. వేల సంస్థలకు అది ఉంది. సమావేశాలకు హాజరై తమ మాట చెప్పుకునే వీలు దాంతో వస్తుంది తప్ప, ఆ సంస్థ గురువు మాటకు ఐక్యరాజ్యసమితి పూచీ పడదు. సమితి పేరు, చిహ్నం అనుమతి లేకుండా వాడటం మన దేశంలో 1950 నాటి చట్టం ప్రకారం తప్పు.

ఇక “మాట్లాడి వచ్చారు” అన్న సంగతి. మనకు పక్కనే ఉన్న తిరువణ్ణామలై నుంచి వచ్చి, కేసుల్లో నిందితుడిగా ఉండి దేశం వదిలిపోయిన నిత్యానంద ‘కైలాస’ పేరుతో ఒక దేశాన్ని ప్రకటించుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆ పేరుతో అతని ప్రతినిధులు జెనీవాలో ఐక్యరాజ్యసమితి కమిటీల బహిరంగ చర్చల్లో మాట్లాడారు. ఆ ఫొటోలు మన వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగాయి. ఆ చర్చలకు ఎవరైనా పేరు నమోదు చేసుకుని రావొచ్చని, వీళ్లు చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తర్వాత చెప్పింది. అంతకు నెల ముందే అమెరికాలోని నెవార్క్ నగరం అదే కైలాసతో సోదర నగర ఒప్పందం చేసుకుని, విషయం తెలిశాక రద్దు చేసుకుంది. ఒక నగర పాలక సంస్థే ఇలా మోసపోతే, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల్ని ఏమనగలం?

అపోహ: “పేరు ముందు డాక్టర్ ఉంది కదా.”

వాస్తవం: 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు పార్లమెంటు, శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడ్డ యూనివర్సిటీలకు, డీమ్డ్ హోదా ఉన్నవాటికి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. నకిలీ యూనివర్సిటీల జాబితాను యూజీసీయే వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఏ యూనివర్సిటీ ఇచ్చిందో అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అపోహ: “ఆయన ధ్యానంలో కూర్చుంటే గొడవలు వాటంతట అవే చల్లబడతాయి.”

వాస్తవం: దీన్ని కొందరు లెక్కలతో కూడా చెబుతారు. 1993 వేసవిలో మహర్షి మహేశ్ యోగి అనుచరులు సుమారు 4,000 మంది వాషింగ్టన్‌లో సామూహిక ధ్యానం చేశారు. నేరాలు బాగా తగ్గాయని తర్వాత ప్రకటించారు. ధ్యానం చేయకపోతే ఇన్ని నేరాలు జరిగేవని తామే వేసిన అంచనాతో పోల్చి చెప్పిన తగ్గుదల అది. ఆ ఏడాది ఆ నగరంలో 450కి పైగా హత్యలు జరిగాయి, అంతకు ముందు ఏడాదికన్నా ఎక్కువే. ధ్యానం చేసే మనిషికి మనసు కుదుటపడుతుంది, టెన్షన్ తగ్గుతుంది. అందులో నాకు అనుమానం లేదు, నేనూ చేస్తాను. ఊరి గొడవ తగ్గడానికి మాత్రం వేరే పని కావాలి.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. ఒకసారి వినాయక నిమజ్జనం ముందు జరిగిన శాంతి కమిటీ మీటింగుకు ఒక విశ్వశాంతి గురువును ఎవరో వెంటబెట్టుకొచ్చారు. ఆయన అరగంట పైగా మానవజాతి ఏకత్వం గురించి చెప్పారు. అందరూ మర్యాదగా విన్నారు. ఆయన మళ్లీ మొదలుపెట్టబోతుంటే మసీదు కమిటీ పెద్దాయన చేతులు జోడించి, “స్వామీ, మిగతాది తర్వాత వింటాం. ఊరేగింపు మా వీధిలోకి ఎన్నింటికి వస్తుందో, బాక్సులు ఎక్కడ ఆపుతారో ముందు తేల్చనీండి” అన్నారు. మండపం కుర్రాడు లేచి, “సాయంత్రం నమాజ్ ఎన్నింటికి భాయ్?” అని అడిగాడు. అక్కడి నుంచి అసలు మీటింగు మొదలైంది. కాగితం మీద వీధి గీశారు. ఏ కరెంటు స్తంభం దగ్గర పాట ఆపాలి, మళ్లీ ఏ షాపు దాటాక పెట్టుకోవాలి, మూల మీద ఎవరెవరు నిలబడాలి అన్నీ రాసుకున్నారు. రెండు వైపుల నుంచి చెరి నలుగురు కుర్రాళ్ల పేర్లు, సెల్ నంబర్లు తీసుకున్నారు. గురువుగారు మధ్యలోనే కారెక్కి వెళ్లిపోయారు. ఊరేగింపు ఏ గొడవా లేకుండా సాగింది. మర్నాటి పేపర్లో ఫొటో మాత్రం గురువుగారిదే వచ్చింది.

నాకు తెలిసిన కొలత ఇదొక్కటే: గొడవ వచ్చిన రాత్రి ఫోన్ చేస్తే వస్తాడా, వస్తే రెండు పక్షాలూ ఆయన మాట వింటాయా? తనవాళ్ల తప్పును తనవాళ్ల ముందే చెప్పగలిగినవాడి మాటే అవతలివాళ్లు వింటారు. వేల మంది భక్తులున్నా ఆ ధైర్యం లేకపోతే ఆ సభ భక్తుల సభ అవుతుంది. దాన్ని శాంతి సభ అనలేం.

అపోహ: “గురువును ప్రశ్నించడం మన సంప్రదాయం కాదు, పాపం.”

వాస్తవం: ఈ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మన సంప్రదాయం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. రామకృష్ణ పరమహంస డబ్బు తాకరని విని నరేంద్రుడు పరుపు కింద రూపాయి దాచి పరీక్షించాడని చెబుతారు. దానికి ఆయన సంతోషించారట. ఆ శిష్యుడే తర్వాత వివేకానందుడయ్యాడు.

మన పక్కనే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇంకా ముందుకెళ్లారు. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీ బిసెంట్, ఆమె తోటివాళ్లు ఆయనను రాబోయే జగద్గురువుగా ప్రకటించి, ఆయన కోసం వేల మంది సభ్యులతో ఒక సంస్థ నడిపారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, ఆ సభ్యుల ముందే ఆయన సంస్థను రద్దు చేశారు. తన పని కోసం ఇచ్చిన భూములు, ఆస్తులు దాతలకు తిరిగి ఇప్పించారు. తర్వాత యాభై ఏళ్లకు పైగా దేశాలు తిరిగి హింస గురించి, భయం గురించి మాట్లాడుతూనే ఉన్నారు. 1984లో ఐక్యరాజ్యసమితి శాంతి పతకం వచ్చింది. ఎదుటివాళ్లు తెచ్చిపెట్టిన జగద్గురు పదవినే వదిలేసిన మనిషి మా ప్రాంతంలో పుట్టాడని చెప్పుకోవడం నాకు గర్వం. అదే ప్రాంతంలో, ఎవరూ ఇవ్వకుండానే ఆ పదవి ఎక్కి కూర్చున్నవాళ్లకు మనం పూలదండలు కొని తెస్తున్నాం.

అపోహ: “అందరూ దొంగ స్వాములే.”

వాస్తవం: ఇదీ తప్పే, పైగా సోమరితనం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమి లేని పేదల కోసం వినోబా భావే అడగ్గానే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. 1960లో చంబల్ లోయలో బందిపోట్లు కొందరు వినోబా ముందు ఆయుధాలు దించారు. ఆయనది ఆధ్యాత్మిక జీవితమే, నడిచింది మాత్రం కాలినడకన, ఊరూరా, అందరూ చూస్తుండగా. అలాగని భూదానాన్ని ప్రశ్నించకూడదని కాదు. 40 లక్షల ఎకరాలకు పైగా వచ్చిన భూమిలో చాలా భాగం పేదలకు చేరనే లేదు, కొంత సాగుకు పనికిరానిది. ఆ లెక్క ఈరోజు మనం చెప్పుకోగలుగుతున్నామంటే ఆ ఉద్యమం లెక్కలు దాచుకోలేదు కాబట్టే.

అపోహ: “ఇవన్నీ అడిగితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, సభ ఆగిపోతుంది.”

వాస్తవం: బ్యానర్ ప్రింటింగుకు ఇచ్చేముందే ఫోన్‌లో అడగండి. సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టు, చందాకు పాన్ నంబరుతో రసీదు ఇస్తారా లేదా, విదేశీ విరాళాలుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్. విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలన్నది 2020 సవరణ పెట్టిన నియమం, కాబట్టి వేరే ఖాతా నంబరు చెప్పి విదేశీ పౌరసత్వం తీసుకున్న మన పిల్లల దగ్గర డబ్బు వేయించుకుంటుంటే అక్కడే వద్దనేయండి. నేను అడిగినప్పుడు ఒక మఠం మేనేజరు అదే రోజు సాయంత్రానికి కాగితాలన్నీ స్కాన్ చేసి పంపారు. ఇంకో సంస్థవాళ్లు, “మా గురువుగారినే అనుమానిస్తారా?” అని ఫోన్ పెట్టేశారు. ఆ సభ ముఖ్య అతిథి లేకుండానే జరిగింది. ఆ వీధి అంగన్‌వాడీ టీచరమ్మ మాట్లాడింది, జనం చివరిదాకా కూర్చుని విన్నారు.