మాంచెస్టర్‌లో కట్టని రెండు ప్లాట్‌ఫారాలు

ఇంగ్లండ్ ఉత్తరాదివాళ్లు ఎప్పుడూ సణుగుతుంటారన్నది దక్షిణాదిలో పాతుకుపోయిన మాట. లండన్ నుంచి ఉత్తరానికి వేస్తున్న హైస్పీడ్ రైలు మార్గం హెచ్‌ఎస్‌-2ను మాంచెస్టర్ దాకా వేయబోమని 2023 అక్టోబర్ 4న అప్పటి ప్రధాని రిషి సునాక్ ప్రకటించాక, రైళ్ల గొడవ రేగినప్పుడల్లా ఆ మాట మళ్లీ వినిపిస్తోంది. ఉత్తరాదిలో మూతపడ్డ గనులు, మిల్లుల సంగతి అందరికీ తెలిసిందే. ఇవాళ్టి కోపం అర్థం కావాలంటే చూడాల్సింది 2017 డిసెంబర్.

మాంచెస్టర్‌కు ఉత్తరాన విక్టోరియా, దక్షిణాన పికాడిల్లీ. ఈ రెండు పెద్ద స్టేషన్లను నేరుగా కలిపే రైలు మార్గం అప్పటిదాకా లేదు. ఆ నెలలో ఆర్డ్‌సాల్ కార్డ్ అనే సుమారు 300 మీటర్ల లింకు తెరిచారు. పథకం మాత్రం అంతటితో అయిపోయేది కాదు. పికాడిల్లీలో 15, 16 నంబర్ల ప్లాట్‌ఫారాలు కట్టాలి, ఆక్స్‌ఫర్డ్ రోడ్ స్టేషన్‌ను విస్తరించాలి. 2014లోనే అనుమతికి దరఖాస్తు పెట్టినా ఆ పనులు జరగలేదు. డిజిటల్ సిగ్నళ్లతో సరిపెట్టవచ్చేమో చూద్దామని 2017లో ప్రభుత్వం అంది.

లింకు మీదుగా వచ్చే బండ్లన్నీ చేరేది 1849 నాటి ఇటుక వంతెన మీది రెండే పట్టాల మీదికి: పోను ఒకటి, రాను ఒకటి. పికాడిల్లీలో వాటికి 13, 14 ప్లాట్‌ఫారాలే దిక్కు. ఒక్కో దిశలో గంటకు 15 బండ్లకు చోటు లెక్కగట్టారు, అంటే సగటున నాలుగు నిమిషాలకొకటి. ట్రాఫర్డ్ పార్క్ కంటైనర్ గూడ్సులూ ఆ లెక్కలోవే. ముందు బండి ఎక్కేవాళ్లూ దిగేవాళ్లతో ఒక్క నిమిషం ఎక్కువ ఆగిందంటే వెనకది సిగ్నల్ దగ్గర నిలబడాల్సిందే. దిశకు రెండు ప్లాట్‌ఫారాలుంటే ఒకదాంట్లో జనం ఎక్కుతుండగానే రెండోదాంట్లోకి ఇంకో బండి వచ్చేది. అలా లేకపోబట్టే న్యూకాజిల్ నుంచి ఆలస్యంగా వచ్చిన బండి లివర్‌పూల్, బోల్టన్ ప్రయాణికులను కూడా ఆపేసేది.

2018 మే 20న కొత్త టైంటేబుల్ పెట్టగానే అంతా కుప్పకూలింది. బోల్టన్ మార్గం విద్యుదీకరణ ఆలస్యమవడంతో ప్రణాళికను చివర్లో హడావిడిగా తిరగరాశారు. జూన్ 4 నుంచి, అక్కడ రైళ్లు నడిపే నార్తర్న్ సంస్థ రోజుకు 165 సర్వీసులు రద్దు చేసింది. మే 20నే, అదే టైంటేబుల్‌తో లండన్ చుట్టుపక్కల థేమ్స్‌లింక్ రైళ్లూ దెబ్బతిన్నాయి. అక్కడివాళ్లూ గట్టిగానే అరిచారు, వాళ్లను సణుగుడుగాళ్లని ఎవరూ అనలేదు.

ఇలాంటి పనులకు ఖర్చుకు తగ్గ ఫలితం ఉండాలన్నది ఖజానా, అంటే బ్రిటన్ ఆర్థికశాఖ, వాదన. జనం, జీతాలు ఎక్కువున్న చోటే ఆ లెక్కలో లాభం ఎక్కువ కనిపిస్తుంది.

2019లో పట్టాల నిర్వహణ చూసే నెట్‌వర్క్ రైల్ సంస్థే మాంచెస్టర్ వంతెన మార్గాన్ని అధికారికంగా 'రద్దీ మార్గం'గా ప్రకటించింది. 2022 మేలో లండన్‌లో ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం మొదలైంది. ఆ డిసెంబర్‌లో మాంచెస్టర్ వంతెన మీద ఆలస్యాలు తగ్గించడానికి బండ్లనే తగ్గించారు.