తొంభైల కార్టూన్లు, దెయ్యం పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

నేను యానిమేషన్‌లో బ్యాక్‌గ్రౌండ్లు వేస్తాను, అంటే పాత్రల వెనకాల కనిపించే ఇల్లు, వీధి, ఆకాశం. ఆ సంగతి తెలిస్తే చాలు, మా ఈడు వాళ్లు చిన్నప్పటి కార్టూన్ల గురించి మొదలుపెడతారు. వాటిలో తరచూ వినే అపోహలు కొన్ని.

అపోహ: ఆదివారం దూరదర్శన్‌లో వచ్చిన మోగ్లీ డిస్నీ వాళ్లది.

కాదు, జపాన్‌ది. నిప్పన్ యానిమేషన్ 1989లో మొదలుపెట్టిన 52 ఎపిసోడ్ల సిరీస్ అది. మనం చూసింది హిందీ డబ్బింగ్. అందరికీ నోటికొచ్చిన ఆ పాట మాత్రం గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ ఇక్కడ బాణీ కట్టినది.

అపోహ: అమెరికా కార్టూన్లన్నీ అమెరికాలోనే గీశారు.

కథ, డిజైన్లు, సీన్లను వరసగా బొమ్మల్లో గీసుకునే స్టోరీబోర్డు అక్కడే. బొమ్మల్ని కదిలించే పని మాత్రం చాలావరకు జపాన్, కొరియా, తైవాన్ స్టూడియోలు చేసేవి. ఇప్పుడు వరసపెట్టి చూస్తే ఒక ఎపిసోడ్‌లో కదలిక వెన్నలా సాగి, మరోదాంట్లో అదే పాత్ర కర్రలా బిగుసుకుపోయి కనిపించేది అందుకే.

అపోహ: బ్యాట్‌మ్యాన్ కార్టూన్ అంత చీకటిగా ఉండటానికి కారణం మన పాత టీవీ.

పాపం టీవీ! 1992లో వచ్చిన ఆ సిరీస్‌కి, దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకడైన ఎరిక్ రాడోమ్‌స్కీ బ్యాక్‌గ్రౌండ్లు నల్ల కాగితం మీద వేయించాడు. మామూలుగా తెల్ల కాగితం మీద వేస్తూ నీడ కావలసిన చోట ముదురు రంగు పూస్తాం. ఇక్కడ అంతా తిరగబడింది, చీకటి ముందే ఉంది, కిటికీ వెలుగో మేడ అంచో కనిపించాల్సినంత మేరకే రంగు పడింది, మిగతాది కాగితం నలుపే. మా పని చేసేవాళ్లు ఎవరైనా ఆ సిరీస్‌ని ఒక్కసారి సౌండ్ తీసేసి చూడాలంటాను.

అపోహ: ‘కరేజ్ ది కవర్డ్‌లీ డాగ్’ కార్టూన్ చిన్నప్పుడు కాబట్టి భయపెట్టింది, ఇప్పుడు నవ్వొస్తుంది.

చూసి చెప్పండి. జాన్ డిల్‌వర్త్ 1999లో మొదలుపెట్టిన ఈ సిరీస్‌లో మామూలు చేతిబొమ్మల మధ్యలోకి ఫొటోలు, కంప్యూటర్ త్రీడీ బొమ్మలు తెచ్చి పెట్టేవారు. రామ్‌సెస్ రాజు ఎపిసోడ్ గుర్తుందా? చుట్టూ అంతా చదునుగా గీసిన లోకం, అందులో ఆ ఒక్క ఆకారం మాత్రం త్రీడీలో గాలికి ఊగుతూ నిలబడుతుంది. అది ఆ లోకానికి చెందింది కాదని కంటికి వెంటనే తెలిసిపోతుంది, వయసు పెరిగినంత మాత్రాన ఆ తేడా కనపడకుండా పోదు.

అపోహ: ‘గూస్‌బంప్స్’ అనే పిల్లల దెయ్యం పుస్తకాలు రాసినాయన ఏదో చీకటి మనిషి.

ఆర్.ఎల్. స్టైన్ అంతకుముందు జోకుల పుస్తకాలు రాశాడు, ‘బనానాస్’ అనే పిల్లల హాస్య పత్రికకు ఎడిటర్‌గా చేశాడు. 1992-97 మధ్య వచ్చిన మొదటి 62 పుస్తకాల్లో ఏది తెరిచినా జోకు చెప్పే టైమింగే కనిపిస్తుంది. అధ్యాయం చివర చీకట్లో ఎవరో భుజం పట్టుకుంటారు, పేజీ తిప్పితే తమ్ముడు! పెద్దయ్యాక చదివితే ఈ ట్రిక్కు మూడో అధ్యాయానికల్లా దొరికిపోతుంది, నాకైతే కథలకన్నా టిమ్ జాకోబస్ అట్టబొమ్మలే బాగా నిలిచాయనిపిస్తుంది.

అపోహ: ‘స్కేరీ స్టోరీస్ టు టెల్ ఇన్ ది డార్క్’ అనే పిల్లల దెయ్యం కథల పుస్తకాల మీద అంత గొడవ జరిగింది కథల వల్లే.

గొడవ నిజమే. 1990లలో అమెరికా లైబ్రరీల్లో తీసేయమంటూ వచ్చిన అభ్యంతరాల జాబితాలో ఈ సిరీస్‌దే మొదటి స్థానం. కానీ కథలు జానపదాలు, ఆల్విన్ ష్వార్ట్జ్ సేకరించి తిరగరాసి, ఏది ఎక్కడ దొరికిందో పుస్తకం చివర రాసిపెట్టాడు కూడా. నిద్ర చెడగొట్టినవి స్టీఫెన్ గామెల్ బొమ్మలు. సిరా నీళ్లలా కారుతూ, ముఖం ఎక్కడ ఆగి జుట్టు ఎక్కడ మొదలైందో తెలియనివ్వవు. చాలా ఏళ్లకు బ్రెట్ హెల్క్విస్ట్ కొత్త బొమ్మలతో మళ్లీ అచ్చేస్తే కథలు అవే ఉన్నా పాత పాఠకులు ఒప్పుకోలేదు, తర్వాత గామెల్ బొమ్మల్ని మళ్లీ తెచ్చారు. పాత పుస్తకాల షాపులో కనిపిస్తే కొనేముందు బొమ్మలు ఎవరివో ఒకసారి చూసుకోండి.