మార్గరెట్ పోల్: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ట్యూడర్ రాజుల కాలం చరిత్ర పాఠంలో, ఎనిమిదో హెన్రీ చంపించిన సాల్జ్‌బరీ కౌంటెస్ మార్గరెట్ పోల్ పేరెత్తితే చాలు, అందరూ అడిగేది ఆమె చావు గురించే. ఆమె బతుకు గురించి అడిగేవాళ్ళు తక్కువ. నాకు బాధనిపించేది అదే.

అపోహ: తల నరికించుకోనంటూ ఆ వేదిక చుట్టూ పరుగులు తీసింది.

వాస్తవం: ఆమె తల ఒగ్గనందని 17వ శతాబ్దంలో చరిత్రకారుడు ఎడ్వర్డ్ హెర్బర్ట్ రాశాడు. పరుగులు ఆ తర్వాత చేరినవి. 1541 మే 27న లండన్ టవర్‌లో జరిగినదాన్ని పవిత్ర రోమన్ చక్రవర్తి రాయబారి షాప్వీ అప్పుడే ఉత్తరంలో రాశాడు. అందులో పరుగు ఊసే లేదు. రాజు కోసం, రాణి కోసం ప్రార్థించమని అక్కడున్నవాళ్ళను ఆమె కోరిందట. తాను పెంచిన రాజు కూతురు మేరీని కూడా తలచుకుందట. ఘోరం మాత్రం నిజం. చేతకాని కుర్రాడికి గొడ్డలిస్తే తలా భుజాలూ ఛిద్రం చేశాడు. అప్పటికి ఆమెకు 67 ఏళ్ళు.

అపోహ: ఆమె రాజు దయమీద బతికిన వితంతువు.

వాస్తవం: ఓడలు బళ్ళవడం, బళ్ళు ఓడలవడం ఆమె చిన్నప్పటి నుంచే చూసింది. నాలుగో ఎడ్వర్డ్ రాజుకు తమ్ముడైన తండ్రి క్లారెన్స్‌ను 1478లో చంపారు. ఆమె తమ్ముడు వార్విక్‌ను 1499లో నరికారు. రాజవంశపు రక్తం కావడమే అతని అసలు నేరం. భర్త పోయేసరికి ఆమె మీద ఐదుగురు పిల్లల భారం పడింది. 1512లో ఎనిమిదో హెన్రీ సాల్జ్‌బరీ కౌంటెస్ హోదా, భూములు తిరిగిచ్చాడు. ఊరికే కాదు, ఆమె 5,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) ఇస్తానని ఒప్పుకుంది. తర్వాత ఆ ఎస్టేట్లన్నీ తానే చూసుకుని దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకరైంది. భూముల హక్కు దగ్గర రాజుతోనే తగాదా పడింది. హాంప్‌షైర్‌లో ఆమె ఇటుకలతో కట్టించిన వార్బ్లింగ్‌టన్ కోటలో ఇప్పుడు మిగిలింది ప్రధానంగా ఒక్క బురుజే.

అపోహ: రాజు మీద ఆమె కుట్ర పన్నిందని విచారణలో రుజువైంది.

వాస్తవం: అసలు కోర్టు విచారణే జరగలేదు. కొడుకు రెజినాల్డ్ విదేశాల్లో ఉండి రాజును ఎండగట్టాడు, పోప్ అతన్ని కార్డినల్‌ను చేశాడు. ఆ కోపమంతా ఇంట్లోవాళ్ళ మీద పడింది. 1538లో చిన్నకొడుకు జెఫ్రీని పట్టుకుని నోరు విప్పించారు. పెద్దకొడుకు మాంటగ్యూను 1539 జనవరిలో నరికారు. తల్లిని రోజుల తరబడి ప్రశ్నించిన రాజు మనిషి ఫిట్జ్‌విలియం ఆమె నిబ్బరం చూసి ఆశ్చర్యపోయాడు, ఆమె ఏదీ ఒప్పుకోలేదు. ఆమెను పట్టుకుని నెలలు గడిచాక రాజు ముఖ్యమంత్రి క్రామ్‌వెల్ పార్లమెంటులో ఒక పట్టు అంగీ ఎత్తి చూపించాడు. దాని మీద క్రీస్తు ఐదు గాయాల గుర్తు ఉంది. అంతకుముందు రాజు మీద లేచిన ఉత్తరాది తిరుగుబాటుదారులు పట్టిన గుర్తూ అదే. అది ఆమె ఇంట్లోనే దొరికిందన్నారు. నాకైతే ఆ సాక్ష్యం మీద ఏమాత్రం నమ్మకం లేదు. కోర్టు విచారణ లేకుండానే పార్లమెంటు శిక్ష వేసే అటైండర్ చట్టంతో ప్రాణం మీదా ఆస్తి మీదా ఒకేసారి వేటు వేశారు.

అపోహ: ఆమెతో వంశం అంతరించింది.

వాస్తవం: మాంటగ్యూ కొడుకు, ఇంకా పిల్లవాడే, టవర్‌లోనే కనుమరుగయ్యాడు. రెజినాల్డ్ మాత్రం మేరీ రాణి కాలంలో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. మాంటగ్యూ కూతురు కేథరిన్ హంటింగ్‌డన్ కౌంటెస్ అయింది. 1562లో ఎలిజబెత్ రాణి మశూచితో మంచాన పడినప్పుడు, వారసుడిగా కొందరు ముందుకు తెచ్చిన పేరు కేథరిన్ కొడుకు హెన్రీ హేస్టింగ్స్‌దే.