ఉద్యోగం లేనప్పుడు శిక్షణ ఎంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కొత్త వృత్తి వెతుక్కునేవారికి కోర్సుల విషయంలో సలహాలివ్వడం నా పని. ఉద్యోగం పోయి మూడు నాలుగు నెలలైన తర్వాత, చేతిలో కరపత్రాలతో వచ్చేవారి నుంచి నేను తరచుగా వినే మాటలివి.

అపోహ: "నూటికి నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు మీదే రాశారు."

వాస్తవం: ఉద్యోగం ఇచ్చేది కంపెనీ గానీ శిక్షణ సంస్థ కాదు. బోర్డు మీద కనిపించే గ్యారంటీ ఒప్పంద పత్రంలోకి వచ్చేసరికి చాలాసార్లు "ఇంటర్వ్యూలకు పంపుతాం" అన్న సహాయంగా మారిపోతుంది. కోచింగ్ సంస్థలు ఉద్యోగ భద్రత గురించి ఇలాంటి తప్పుడు హామీలు ప్రకటించకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు కూడా జారీ చేసింది. అందుచేత గత మూడు బ్యాచ్‌లలో ఎంతమంది చేరారో, ఎంతమంది పూర్తి చేశారో, ఎవరికి ఏ హోదాలో ఎంత జీతం వచ్చిందో అడిగి, వారిలో ఇద్దరు ముగ్గురితో స్వయంగా మాట్లాడండి. ఒక సంస్థ గోడ మీద "మా విజేత" అని ఫొటో పెట్టిన యువకుడి గురించి నేను ఆరా తీస్తే, ఆయన అదే సంస్థలో కొత్త విద్యార్థులకు ఫోన్లు చేసే ఉద్యోగంలో ఉన్నారని తేలింది!

అపోహ: "డిమాండ్ ఉన్న కోర్సు చేస్తే ఎవరికైనా అవకాశం దొరుకుతుంది."

వాస్తవం: రోగుల చికిత్స వివరాలను బీమా బిల్లుల కోసం సంకేతాలుగా మార్చే మెడికల్ కోడింగ్‌నే తీసుకోండి. హైదరాబాద్‌లో ఆ రంగంలో నిజంగానే ఉద్యోగాలున్నాయి. అయితే చాలా కంపెనీలు లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ వంటివి చదివినవారినే తీసుకుంటాయి కాబట్టి, బీకాం చదివిన వ్యక్తి అప్పు చేసి అందులో చేరితే తలుపు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. పైగా శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, అమెరికాకు చెందిన కోడింగ్ నిపుణుల సంస్థ ఏఏపీసీ నిర్వహించే సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్ష వేరు. నాలుగు గంటల్లో 100 ప్రశ్నలుండే ఆ పరీక్షకు ఫీజు విడిగా కట్టాలి, 70 శాతం మార్కులు రావాలి. ఉత్తీర్ణులైనా అనుభవం లేనివారికి మొదట "సీపీసీ-ఏ" అనే అప్రెంటిస్ (పని నేర్చుకుంటున్నవారి) హోదా మాత్రమే లభిస్తుంది. ఇదే బీకాం వ్యక్తి, దుకాణంలో లెక్కలు రాసిన అనుభవం ఉంటే, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, జీఎస్టీ రిటర్నుల పని నేర్చుకుని తక్కువ ఖర్చుతో ముందుకు వెళ్లగలరు. ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు, మీరు వెళ్లగలిగే ఊళ్లలోని పది పదిహేను ఉద్యోగ ప్రకటనలు చదివి, వాటిలో పదేపదే అడుగుతున్న అర్హతలను కోర్సు సిలబస్ పక్కన పెట్టి చూడండి.

అపోహ: "వాయిదాల్లో కట్టవచ్చు కాబట్టి భారం తెలియదు."

వాస్తవం: వాయిదా పద్ధతి అంటే చాలాచోట్ల రుణ సంస్థ మీ పేరిట అప్పు రాసి, ఫీజును శిక్షణ సంస్థకు ముందే చెల్లించడం. మీరు క్లాసులు మానేసినంత మాత్రాన ఆ అప్పు ఆగదు, వాయిదా తప్పితే మీరు అప్పులు తీర్చే తీరును చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఫీజు వాపసు నిబంధనలను సంతకం చేయక ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఫీజుతో పాటు కోర్సు నెలల, ఆ తర్వాత ఉద్యోగం వెతికే నెలల గది అద్దె, మెస్సు, బస్సు ఖర్చులు కూడా లెక్కలో కలపాలి.

అపోహ: "ఉచిత శిక్షణ నాసిరకం."

వాస్తవం: అన్నీ అలా ఉండవు, కానీ దేని ఉద్దేశం ఏమిటో తెలుసుకుని చేరాలి. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన గ్రామీణ పేద కుటుంబాల యువతకు జీతం వచ్చే ఉద్యోగాల కోసం శిక్షణ ఇస్తుంది. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలు (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు) ఉచితంగా భోజన వసతులతో నేర్పినా, వాటి లక్ష్యం స్వయం ఉపాధి. అక్కడ సెల్‌ఫోన్ మరమ్మతు నేర్చుకుని కంపెనీ పిలుపు కోసం ఎదురుచూసినవారిని నేను చూశాను. ఇక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరితే, మీరు ఫీజు కట్టాల్సిన పని లేకుండా పనిచేసే చోటే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు.