ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే

2023 సెప్టెంబర్ 1న, ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొనడానికీ అమ్మడానికీ ఇచ్చే గడువు) మూసే రోజున, ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హమ్ ఫారెస్ట్ అనే ఫుట్‌బాల్ క్లబ్ బ్రెనన్ జాన్సన్ అనే ఫార్వర్డ్‌ను టాటెన్‌హమ్ అనే ఇంకో క్లబ్బుకి అమ్మింది. ధర 4.75 కోట్ల పౌండ్లు. చిన్నప్పటి నుంచి వాళ్ల అకాడమీలోనే పెరిగిన కుర్రాడు, కొన్న ఖర్చంటూ ఏమీ లేదు, కాబట్టి పద్దులో వచ్చిందంతా లాభమే. ఏ వ్యాపారి చూసినా భేష్ అనే బేరం. చిక్కల్లా ఒకటే, క్లబ్బు లెక్కల సంవత్సరం జూన్ 30తో అయిపోయింది. ఆ వేసవి మొదట్లో తక్కువ ధరకు అడిగినవాళ్లు లేకపోలేదు, ఆగితే ఇంకా వస్తుందని వీళ్లు ఆగారు, వచ్చింది కూడా. కానీ లీగు రూలు ప్రకారం జూన్ 30 నాటి లెక్కలో మూడేళ్ల నష్టం 6.1 కోట్లు దాటకూడదు, వీళ్లది దానికన్నా 3.45 కోట్లు ఎక్కువ తేలింది. 2024 మార్చిలో ప్రీమియర్ లీగ్, అంటే ఇంగ్లాండ్ పై డివిజన్, పట్టికలో వీళ్లకి నాలుగు పాయింట్లు కోసేశారు.

ఎక్కువ ధరకు అమ్మినందుకు శిక్షేంటి అని అభిమానులు మండిపడ్డారు. మండిపాటు అర్థమవుతుంది గానీ, ఆ రూలు బేరం తెలివైనదా కాదా అని చూడదు, ఒక తారీకు నాడు పద్దు ఎక్కడుందో మాత్రమే చూస్తుంది. యూరప్‌లో ఇలాంటి నిబంధనలకు మొదట పెట్టిన పేరు ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే. నా గొడవంతా ఆ ఫెయిర్ అనే మాటతోనే. పోటీ సమంగా జరగడానికీ, క్లబ్బు దివాలా తియ్యకుండా ఉండడానికీ చాలా తేడా ఉంది, ఒకదాని కోసం రాసిన రూలు ఇంకోదాన్ని చెడగొట్టొచ్చు కూడా.

ముందు పోటీని కొలవడం ఎలాగో చూద్దాం. ఒక ఊహా లీగు అనుకోండి, ఇరవై జట్లూ అచ్చంగా సమానం, ప్రతి మ్యాచూ బొమ్మా బొరుసే, పావు వంతు మ్యాచులు డ్రా అవుతాయి. అప్పుడు కూడా అందరికీ ఒకే పాయింట్లు రావు, అదృష్టం అటూ ఇటూ లాగుతుంది కదా. 38 మ్యాచుల సీజన్లో పాయింట్ల ప్రామాణిక విచలనం, అంటే జట్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత, సుమారు 8 వస్తుంది. ఇప్పుడు 2023-24 ప్రీమియర్ లీగ్ పట్టిక తీసుకుని అదే లెక్క వేసి చూశాను. పైన మాంచెస్టర్ సిటీ 91, అడుగున షెఫీల్డ్ యునైటెడ్ 16, మొత్తం మీద విచలనం 20 తేలింది. ఊహా లీగు కన్నా రెండున్నర రెట్లు. క్రీడల ఆర్థిక శాస్త్రం చదివేవాళ్లు సరిగ్గా ఇలాంటి నిష్పత్తులతోనే లీగుల్ని పోలుస్తారు. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ పడతాయి కాబట్టి ఒక్క మ్యాచులో బలహీనుడు గెలిచే వీలు బాగానే ఉంటుంది, 38 మ్యాచులయ్యేసరికి ఆ అదృష్టం అరిగిపోయి జీతాల పట్టికే పాయింట్ల పట్టికలా కనిపించడం మొదలవుతుంది.

అసలు ప్రత్యర్థి బలంగా ఉండాలని ఎవరైనా ఎందుకు కోరుకుంటారు? 1964లో వాల్టర్ నీల్ అనే ఆర్థికవేత్త దీన్ని బాక్సింగ్ చాంపియన్ జో లూయిస్ ఉదాహరణతో చెప్పాడు. మామూలు వ్యాపారంలో పోటీదారు మూతబడితే పండగే, బాక్సర్‌కి మాత్రం మాక్స్ ష్మెలింగ్ లాంటి గట్టి ప్రత్యర్థి లేకపోతే టికెట్లు తెగవు. ఫుట్‌బాల్ లీగు కూడా అంతే. అందుకే పాతకాలం ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో ఆటగాడి జీతానికి పరిమితి ఉండేది (1961లో ఎత్తేసేనాటికి అది వారానికి 20 పౌండ్లు), గేటు వసూళ్లలో కొంత వాటా ఊరు దాటి వచ్చిన జట్టుకీ దక్కేది. అప్పుడప్పుడే పై డివిజన్‌కి ఎక్కిన ఇప్స్‌విచ్ ఆ మొదటి సీజన్లోనే, 1962లో, చాంపియన్ అయింది. 1978లో ఫారెస్ట్ కూడా అచ్చం అలాగే గెలిచింది. గేటు వసూళ్లు పంచుకోవడం 1983లో ఆగిపోయింది. జీతాల పరిమితి ఆటగాళ్లకు అన్యాయం, అది పోవడమే మంచిదైంది, కానీ ఆ రెండూ పోయాక మిగిలిన ఒకే ఒక్క పంపకం టీవీ డబ్బు.

1992లో పై డివిజన్ క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకుంది ప్రధానంగా ఆ డబ్బు కిందివాళ్లతో పంచుకోవడం ఇష్టంలేకే. మొదటి ఒప్పందం అయిదేళ్లకు 30.4 కోట్ల పౌండ్లు. 2025లో మొదలైన దేశీయ ఒప్పందం నాలుగేళ్లకు 670 కోట్లు. అయితే తమలో తాము పంచుకునేటప్పుడు మాత్రం వాళ్లు చాలా సమంగానే పంచుకున్నారు. దేశీయ సొమ్ములో సగం అందరికీ సమానం, పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, పావు వంతు ఎన్ని మ్యాచులు టీవీలో వచ్చాయన్నదాన్ని బట్టి. 2015-16లో లెస్టర్ చాంపియన్ అయినప్పుడు దానికన్నా రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్‌కే లీగు నుంచి ఎక్కువ సొమ్ము వెళ్లింది, ఎందుకంటే ఆర్సెనల్ మ్యాచులు ఎక్కువ చూపించారు. నవ్వొచ్చే విషయమే గానీ ఆ తేడా చిన్నది.

స్పెయిన్‌లో కథ వేరు. అక్కడ 2015 దాకా ఎవరి టీవీ హక్కులు వాళ్లే అమ్ముకునేవాళ్లు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరో 14 కోట్ల యూరోల దాకా తీసుకుంటుంటే చిన్న క్లబ్బులకు అందులో చిన్న ముక్క దక్కేది. ఆ ఏడాది ప్రభుత్వం ఏకంగా చట్టం తెచ్చి హక్కులు కలిపి అమ్మాల్సిందేనని, పెద్దకీ చిన్నకీ మధ్య తేడాకు ఇంతని హద్దు ఉండాలని పెట్టింది. ఇంగ్లాండ్‌లో 2023-24లో సిటీకి లీగు నుంచి వచ్చింది 17.6 కోట్ల పౌండ్లు, అడుగునున్న షెఫీల్డ్‌కి దాదాపు 11 కోట్లు. ఒకటికి ఒకటిన్నర రెట్లు, ఇంకాస్త, అంతే.

మరి పాయింట్లలో 91కీ 16కీ అంత ఎడం ఎక్కడి నుంచి వచ్చింది? సిటీ ఆ ఏడాది మొత్తం ఆదాయం 71.5 కోట్లు, లీగు ఇచ్చింది అందులో పావు వంతు. మిగతాది స్పాన్సర్లు, స్టేడియం, యూరప్‌లోని మేటి క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగ్. చిన్న క్లబ్బుకేమో లీగు టీవీ డబ్బే దాదాపు సర్వస్వం. అంటే లీగు లోపల సమంగా పంచినా, బయటి తలుపులోంచి వచ్చే సొమ్ము ఆ సమానత్వాన్ని మింగేస్తోంది. మొదటి 33 సీజన్లలో ప్రీమియర్ లీగ్ గెలిచినవి ఏడు క్లబ్బులే, అందులో బ్లాక్‌బర్న్, లెస్టర్ చెరోసారి.

ఆ బయటి తలుపు చిన్న దేశాల్లో చేసే పని ఇంకా ఘోరంగా ఉంటుంది. బల్గేరియాలో లుడోగోరెట్స్ అనే క్లబ్బు 2011లో పై డివిజన్‌కి వచ్చింది. 2012 నుంచి 2025 దాకా వరసగా 14 టైటిళ్లు దానివే. మొదట్లో యజమాని డబ్బు, మంచి మేనేజ్‌మెంట్, ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారి చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరితే వచ్చే సొమ్ము అక్కడి మిగతా క్లబ్బులు కలలో కూడా చూడలేనిది. దాంతో మంచి ఆటగాళ్లను కొని మళ్లీ లీగు గెలిచి మళ్లీ యూరప్‌కి వెళ్తారు, మళ్లీ ఆ సొమ్ము వస్తుంది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ వరసగా పది, బెలారస్‌లో బాటె వరసగా పదమూడు. దేశం మారినా చక్రం అదే. ఇందులో ఎవరూ మోసం చెయ్యలేదు, అదే దీనిలో చికాకు పెట్టే సంగతి.

ఇంగ్లాండ్‌లో అలాంటి గోడే పై డివిజన్‌కీ రెండో డివిజన్‌కీ మధ్య లేచింది. కిందికి పడిన క్లబ్బు జీతాల భారంతో కుప్పకూలకుండా మూడేళ్ల దాకా పారాచూట్ చెల్లింపులు ఇస్తారు, పై క్లబ్బులకు దక్కే సమాన వాటాలో మొదటి ఏడాది 55 శాతం, తర్వాత 45, ఆపైన 20. దెబ్బ తగలకుండా వేసిన పరుపు అది, కానీ రెండో డివిజన్‌లో ఎప్పటి నుంచో ఉంటున్నవాళ్లకి అది పక్కవాడికి మాత్రమే దొరికిన జీతం. 2023-24లో పైకొచ్చిన మూడు జట్లూ ఆ ఏడాదే తిరిగి కిందికెళ్లాయి. మరుసటి ఏడాది వచ్చిన మూడూ అంతే.

ఇక రూల్సు. వాటిని తిట్టే ముందు పోర్ట్స్‌మత్‌ని గుర్తు చేసుకోవాలి. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు, స్తోమతకు మించిన జీతాలు, 2010లో దివాలా, 2013కల్లా నాలుగో డివిజన్. 2011లో యూరప్‌లోని టాప్ డివిజన్ క్లబ్బులన్నీ కలిపి 170 కోట్ల యూరోల దాకా నష్టంలో ఉన్నాయి. యూరప్ ఫుట్‌బాల్‌ను నడిపే యూఈఎఫ్ఏ సంస్థ నిబంధనలు అమల్లోకి వచ్చాక 2017 నాటికి అవే క్లబ్బులు మొత్తంగా లాభంలోకి వచ్చాయి. దివాలా ఆపడమే లక్ష్యమైతే మార్కులు బాగానే వెయ్యాలి.

కానీ సంపాదించినదాని మేరకే ఖర్చు పెట్టు అంటే, నిన్న గెలిచినవాడే ఇవాళ ఎక్కువ ఖర్చు పెట్టగలడని అర్థం. 1995లో బ్లాక్‌బర్న్ గెలిచింది జాక్ వాకర్ ఉక్కు వ్యాపారం డబ్బుతో. 2003 తర్వాత చెల్సీ, 2008 తర్వాత సిటీ ఎదిగింది కూడా యజమాని జేబులోంచే. వాళ్లు ఎక్కిన మెట్లు ఇప్పుడు లేవు. 2021లో సౌదీ పెట్టుబడి నిధి చేతికొచ్చిన న్యూకాసిల్, ప్రపంచంలోనే అత్యంత ధనిక యజమానుల్లో ఒకరున్న క్లబ్బు, 2024 జూన్ చివర్లో లెక్క సరిపెట్టడానికి ఎలియట్ ఆండర్సన్, యాంకుబా మింటే అనే ఇద్దరు కుర్రాళ్లను హడావిడిగా అమ్ముకోవాల్సి వచ్చింది. డబ్బుంది, పెట్టే హక్కు లేదు. (ఆ తర్వాతి మార్చిలో వాళ్లు లీగ్ కప్ గెలిచారు లెండి. అమ్మినవాళ్లు కూడా ఉంటే ఏమయ్యేదో.)

కుర్రాళ్లనే ఎందుకు అమ్ముతారన్నది పద్దు రాసే పద్ధతిలో ఉంది. 10 కోట్లకు ఆటగాణ్ణి అయిదేళ్ల ఒప్పందంపై కొంటే ఖర్చు ఒక్కసారే రాయరు, ఏడాదికి 2 కోట్ల చొప్పున రాస్తారు. రెండేళ్ల తర్వాత అతన్ని 7 కోట్లకు అమ్మితే పద్దులో ఇంకా 6 కోట్లు మిగిలుంటాయి కాబట్టి లాభం కోటి మాత్రమే. సొంత అకాడమీ కుర్రాడి పేరు మీద పద్దులో ఉండేది సున్నా, అతన్ని 3 కోట్లకు అమ్మినా మూడుకు మూడూ లాభమే, అదీ ఆ ఏడాదే. స్థానిక కుర్రాళ్లను పెంచండి అని ఒక చేత్తో బోధిస్తూ, ఇంకో చేత్తో వాళ్లను అమ్మేవాడికి బహుమానమిచ్చే రూలిది. చెల్సీ వాళ్లు ఇదే లెక్కను ఇంకోవైపు నుంచి వాడారు. ఎంజో ఫెర్నాండెజ్‌ని 2023 జనవరిలో దాదాపు 10.7 కోట్లకు కొని ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం రాసుకున్నారు. ఏడాదికి పడేది కోటీ పాతిక లక్షలే. ఆ ఏడాది లోపే యూరప్‌లోనూ ఇంగ్లాండ్‌లోనూ అయిదేళ్లకు మించి పరచకూడదని హద్దు పెట్టారు, అప్పటికే రాసుకున్నవాటి జోలికి పోకుండా. అదే చెల్సీ తన రెండు హోటళ్లను తన సోదర కంపెనీకే 7.65 కోట్లకు అమ్మి లాభం చూపించింది. ఇలాంటి తెలివి చూపించడానికి అకౌంటెంట్ల బలగం కావాలి, ఒకే ఒక్క బ్రెనన్ జాన్సన్ ఉన్న క్లబ్బుకి జూన్ 30 దాటితే దారి లేదు.

2026-27 నుంచి ప్రీమియర్ లీగ్‌లో ఈ మూడేళ్ల నష్టాల లెక్క పోయి ఇంకోటి వస్తోంది. ఆటగాళ్ల జీతాలు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు, ఏజెంట్ల ఫీజులు కలిపి క్లబ్బు ఆదాయంలో 85 శాతం దాటకూడదు. యూరప్ పోటీల్లో ఆడేవాళ్లకు 70 శాతమే. తారీకుల మాయలు తగ్గుతాయేమో. కానీ 70 కోట్ల ఆదాయమున్న క్లబ్బుకి 85 శాతమంటే 59.5 కోట్లు, 15 కోట్ల ఆదాయమున్న క్లబ్బుకి 12.75 కోట్లు. ఇద్దరి మధ్య నిష్పత్తి ఇసుమంతైనా మారలేదు.

దాన్ని మార్చగల ప్రతిపాదన ఒకటి బల్ల మీదికి వచ్చింది. అడుగున ఉన్న క్లబ్బుకి లీగు ఇచ్చే టీవీ డబ్బెంతో చూసి, దానికి అయిదు రెట్లకు మించి ఏ క్లబ్బూ జట్టు మీద ఖర్చు పెట్టకూడదని. పైవాణ్ణి కిందివాడికి కట్టేసే తాడు అది. పెద్ద క్లబ్బులు యూరప్‌లో వెనకబడతామన్నాయి, ఆటగాళ్ల సంఘం ఇది జీతాలకు కళ్లెమని కోర్టుకెక్కుతామంది. ఇరవైలో పద్నాలుగు ఓట్లు రావాలి. 2025 నవంబర్‌లో ఓటింగ్ జరిగినప్పుడు అన్ని రాలేదు.