రాకుండా పోయిన రెండో కలరా

1854 ఆగస్టు నెలాఖరున లండన్‌లోని సోహో పేట మీద కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో ఐదొందల మందికి పైగా పోయారు. చెడుగాలే కలరా తెస్తుందని అప్పటి డాక్టర్లలో ఎక్కువమంది నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరుకు మాత్రం నీటి మీద అనుమానం. మరణాల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే, చావులు చాలావరకు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూనే తేలాయి.

చావని వాళ్ల సంగతీ ఆయన ఆరా తీశాడు. నన్నడిగితే అసలు తెలివి అదే. పంపు పక్కనే ఉన్న బీరు కర్మాగారంలో ఒక్కరూ కలరాతో పోలేదు. పనివాళ్లకు బీరు ఉచితం, పైగా అక్కడ సొంత బావి. దగ్గర్లోని పేదల ఆశ్రమంలో 535 మంది ఉంటే, పోయింది ఐదుగురే. దానికీ వేరే బావి ఉంది.

సెప్టెంబరు 7న స్నో ఈ లెక్కలన్నీ పేట పాలకమండలి ముందు పెట్టాడు. వాళ్లకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా మర్నాడే పంపు పిడి ఊడదీయించారు.

కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ చప్పట్లు కొట్టి ఆపేస్తారు. నిజానికి అప్పటికే జనం పేట వదిలి పారిపోయారు, కేసులు తగ్గుముఖం పట్టాయి. పిడి తీసినందువల్లే కలరా ఆగిందని చెప్పలేమని స్నోయే ఒప్పుకున్నాడు.

మరి తీసి లాభమేమిటి? దానికి జవాబు దొరికింది హెన్రీ వైట్‌హెడ్ అనే పాదిరికి. స్నో మాట తప్పని తేలుద్దామని బయల్దేరిన మనిషాయన! మరుసటేడు మరణాల రిజిస్టరు తిరగేస్తుంటే, పంపు ఎదుటే ఉన్న 40వ నంబరు ఇంట్లో విరేచనాలతో పోయిన ఐదు నెలల పాప కనబడింది. పాప గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన మురుగుగుంటకూ బావికీ దూరం మూడడుగుల లోపే. మధ్యలో ఇటుకలు పుచ్చిపోయి ఉన్నాయి. సరిగ్గా పిడి ఊడదీసిన రోజే ఆ పాప తండ్రి కలరాతో మంచానపడ్డాడు. పంపు నడుస్తూ ఉంటే ఆ గుంటలోంచి రోగం మళ్లీ బావికి, బావిలోంచి బిందెలకు చేరేది.

ఆ రెండో విడతలో పోవాల్సినవాళ్లు ఎందరో ఏ రిజిస్టరులోనూ ఉండదు. స్థానిక ఆరోగ్య సిబ్బందికి ఇప్పటికీ ఇదే చిక్కు. కుళాయి నీళ్లలో కొంత క్లోరిన్ కావాలనే మిగలనిస్తారు, దారిలో పైపు పగిలి మురుగు కలిసినా క్రిములు చావాలని. వీధి చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. పరీక్షలో అది సున్నాకు పడిందంటే దారిలో ఏదో దాన్ని తినేసిందన్నమాట. వెంటనే పైపు వెతికి బాగుచేస్తే ఎవరికీ జబ్బు రాదు, ఎవరికీ సంగతి తెలియదు. టీకాలదీ అదే వరస. రక్షణ లేని జనంలో ఒక్క తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. అందుకే నూటికి 95 మందికి టీకా పడేదాకా ఆరోగ్య కార్యకర్తలు గుమ్మం గుమ్మం ఎక్కుతారు. బడ్జెట్ కోతకు మొదట దొరికేదీ ఇలాంటి పనులే. చూపించడానికి రోగులుండరు మరి!

సోహోలోనూ అంతే. కలరా సద్దుమణిగాక ఆ పిడిని మళ్లీ బిగించేశారు.