నర్సింగ్ హోముల్లో మానసిక మందులు: అపోహలు - వాస్తవాలు

అమెరికా నర్సింగ్ హోముల్లో ఉండే పెద్దవాళ్ల మందులన్నీ ఫార్మసిస్టు నెలకోసారి తప్పనిసరిగా పరిశీలించాలి. నేను చేసేది ఆ పనే. తరచూ వినబడే మాటలు కొన్ని:

అపోహ: మందుకు తగిన జబ్బు పేరు చార్టులో ఉంటే చాలు.
వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. యాంటీసైకోటిక్ (భ్రమలు, భ్రాంతులు తగ్గించే) మందుల వాడకాన్ని లెక్కగట్టేటప్పుడు ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ స్కిజోఫ్రీనియా (లేనివి వినబడడం, భ్రమలు ఉండే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవాళ్లను మినహాయిస్తుంది. దాంతో లెక్కలో వాడకం తక్కువగా కనబడేలా కొన్నిచోట్ల డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 80 ఏళ్ల పెద్దావిడ చార్టులో ఉన్నట్టుండి స్కిజోఫ్రీనియా ప్రత్యక్షమవుతుంది. మామూలుగా ఆ జబ్బు యవ్వనంలో మొదలవుతుంది. అందుకే 2023 జనవరిలో సీఎంఎస్ ఇలా జబ్బు పేరు నమోదు చేయడం (కోడింగ్) మీద ఆడిట్లు ప్రకటించింది. ఎవరు నిర్ధారించారు? ఏ లక్షణాలు, ఎన్నాళ్లుగా? డెలీరియం (ఒంట్లో బాగోలేక ఉన్నట్టుండి వచ్చే అయోమయం) కాదని ఎలా తేల్చారు? పాత రికార్డుల్లో ఎక్కడా లేని జబ్బు, మందు మొదలుపెట్టిన వారంలోనే కనబడితే నేను డాక్టరుకు ఫోన్ చేస్తాను.

అపోహ: డిమెన్షియా వల్ల అరుస్తున్నారు, క్వెటియాపిన్ (ఒక యాంటీసైకోటిక్ మందు) ఇస్తే సరిపోతుంది.
వాస్తవం: డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ రకం కొత్త తరం మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. 2008లో పాత తరం మందులనూ ఆ హెచ్చరికలో చేర్చింది. ముందు నొప్పి, మలబద్ధకం, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చూడాలి. చొక్కా చేయి తొడిగేటప్పుడు మాత్రమే కొడుతున్నారంటే భుజం నొప్పేమో! అది ముందు కనిపెట్టేది రోజూ బట్టలు మార్చే ఎయిడే. ఆ మాట చార్టులోకి రావాలి.

అపోహ: నిద్రకు ట్రాజొడోన్ (డిప్రెషన్ మందు) ఇస్తూ 'డిప్రెషన్' అని రాస్తే నష్టమేముంది?
వాస్తవం: సిబ్బంది దిగులు తగ్గిందా లేదా అనే చూస్తారు, నిద్ర సంగతి ఎవరూ రాయరు. మందు పనిచేస్తోందో లేదో ఎప్పటికీ తెలియదు.

అపోహ: 'అవసరమైతే ఇవ్వండి' అనే ఆర్డరు ఎన్నాళ్లయినా ఉండొచ్చు.
వాస్తవం: మానసిక మందులకు పరిమితి 14 రోజులు. యాంటీసైకోటిక్ అయితే డాక్టరు స్వయంగా చూశాకే కొత్త ఆర్డరు.

అపోహ: ఈ నిబంధనల ఉద్దేశం అందరికీ మందులు మాన్పించడం.
వాస్తవం: కాదు. వయసులో ఉన్నప్పటి నుంచీ నిజంగా స్కిజోఫ్రీనియాతో బతుకుతున్న మనిషికి, సరిపడుతున్న మందు అంకెల కోసం ఆపేస్తే అది అన్యాయం. డోసు తగ్గిస్తే హాని అనిపిస్తే డాక్టరు ఆ కారణం రాసి కొనసాగించవచ్చు. ఇక్కడ కుటుంబం చేయగల సాయం చాలా ఉంది: పాత సైకియాట్రిస్టు కాగితాలు, గతంలో వాడిన మందుల పేర్లు చేరిన రోజే ఇవ్వండి.